నలభై ఒక్క శాతం

"ఫైలు చూపించను కస్తూరమ్మా. జబ్బు గురించి అడుగు, తెలిసినంత చెప్తాను" అన్నాడు డాక్టర్ ద్వారకనాథ్.

శుక్రవారం ఉదయం తొమ్మిది దాటి పది నిమిషాలు. కృష్ణగిరిలో ఆయన మానసిక వైద్యశాలకు ఇంకా రోగులు రాలేదు. కస్తూరి కుర్చీ ముందుకు జరుపుకుని చిన్న నోటు పుస్తకం తెరిచింది.

కస్తూరిది అదే ఊళ్ళో తరతరాలుగా ఇత్తడి సామాన్లు అమ్మే కుటుంబం. అంగట్లో కూర్చోమంటే ఆమె కూర్చోలేదు. పదిహేనేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున క్లెయిములు విచారించి, ఏది నిజమైన ప్రమాదమో ఏది కట్టుకథో చూసి చూసి, నలభై ఆరో ఏట సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది నమిత కేసు.

నమితకు ఇరవై ఏడేళ్ళు. పుంగనూరు నుంచి వచ్చి హోసూరులో విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తోంది. మంగళవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి, తాను అద్దెకుంటున్న ఇంటి మిద్దె మీదినుంచి వెనకవైపు పడిపోయింది. కింద రేకుల షెడ్డు ఉండబట్టి ప్రాణం నిలిచింది. తలకు దెబ్బ తగిలి, కృష్ణగిరి ఆసుపత్రిలో మూడు రోజులుగా స్పృహ లేకుండా ఉంది. ఆత్మహత్యా ప్రయత్నమని హోసూరు పోలీసులు రాసుకున్నారు. బుధవారం ఉదయం పది గంటలకు నమిత చెల్లెలు నేహ కళ్ళు వాచిపోయి కస్తూరి దగ్గరికి వచ్చింది. తన అక్క దూకే మనిషి కాదని, పెళ్ళి చేసుకుంటానని తిరిగిన అరవిందే తోసి ఉంటాడని చెప్పింది. ఆ సమయానికి తాను ఆఫీసులో ఉన్నానని, ఐదింటికి ఎవరో ఫోన్ చేస్తే తెలిసిందని కూడా చెప్పింది.

నేహ తన అక్క జబ్బు గురించి ఫోనులో వీడియోలు పెడుతుంటుంది. నలభై వేల మంది చూస్తారు. ఇలాంటి అక్కను కనిపెట్టుకుని ఉండటం ఎంత కష్టమో ఆమె చెబుతుంటే కింద కామెంట్లలో జనం దండాలు పెడుతుంటారు. కస్తూరి వాటిలో నాలుగైదు చూసింది. అక్కమీద ప్రేమే అనుకుంది.

జబ్బుకు పేరు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ. ఊరంతటికీ తెలిసిన పేరును తాను దాచి ప్రయోజనం లేదని డాక్టరు ముఖం చిట్లించుకుంటూనే ఒప్పుకున్నాడు. పుస్తకాల్లో నాటకీయ వర్గమని ఒక గుంపు ఉంటుందనీ, నలుగురూ తననే చూడాలనుకునేవాళ్ళు, తనకంటే గొప్పవాడు లేడనుకునేవాళ్ళు, ఎదుటివాడి నొప్పి పట్టనివాళ్ళు, వదిలేస్తారన్న భయంతో బతికేవాళ్ళు అందులోకే వస్తారనీ చెప్పాడు. నమితది ఆ చివరిది.

"నాటకీయం అంటే నాటకాలాడటమా?" అని అడిగింది కస్తూరి.

"అదే అందరూ చేసే తప్పు. ఆ పిల్లకు నొప్పి నిజం. చెప్పే తీరే పెద్దది. కొందరు బిడ్డలు పుట్టుకతోనే సున్నితంగా ఉంటారు. అట్లాంటి బిడ్డ మెల్లగా ఏడిస్తే ఎవరూ పట్టించుకోని ఇంట్లో పెరిగిందనుకో, గట్టిగా ఏడిస్తేనే తల తిప్పుతారని నేర్చుకుంటుంది. ఆ నేర్చుకున్నదే పెద్దయినాక జబ్బయి కూర్చుంటుంది."

ఒకరోజు కోపం చూసి ఈ పేరు పెట్టరని ఆయన వివరించాడు. ఇంట్లో, పనిలో, స్నేహాల్లో ఏళ్ళ తరబడి అదే తీరు కనిపించాలి. నమిత విషయంలో నిర్ధారించుకోవడానికి తనకు నాలుగు రోజులు వేరువేరుగా కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. తర్వాత మందు తక్కువ, నేర్పు ఎక్కువ. కోపం వస్తే చల్లటి నీళ్ళు ముఖాన కొట్టుకోవడం, గంట ఆగి మాట్లాడటం, ఒంటరిగా ఉండకుండా మనుషులున్న చోటికి పోయి కూర్చోవడం. ఎనిమిది నెలలుగా ఆమె ఇవన్నీ చేస్తోంది.

"అయితే ఆమె దూకదంటారు."

"ప్రమాణం చేయను. ఈ జబ్బున్నోళ్ళు ఉత్తగా బెదిరిస్తారనుకోవడమూ తప్పే, నిజంగా పోయినోళ్ళు ఉండారు. ఎనిమిది నెలలుగా ఒక్కసారి కూడా చేయి కోసుకోలేదు, మాత్రలు మింగలేదు. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేసి శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకొనింది. నేను చెప్పగలిగింది అంతే."

అరవింద్ ఏ గుంపులోకి వస్తాడో చెప్పమని కస్తూరి అడిగింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "చూడని మనిషికి పేరు పెట్టను. నువ్వూ పెట్టొద్దు. నువ్వు టైములు చూసుకో."

ఆమె లేచి తలుపు దాకా వచ్చాక ఆయన మరో మాట అన్నాడు. నిన్న నేహ వచ్చి నమిత ఫైలు ఫోటోలు తీసుకుంటానందట. తాను ఇవ్వలేదట. ఎవరితో తన విషయాలు మాట్లాడవచ్చో రోగి రాసిచ్చే కాగితంలో నేహ పేరు లేదు.

"మొదటినుంచీ లేదా డాక్టర్?"

"ఉండేది. పోయిన నెల నమితే కొట్టేయించింది" అన్నాడు.

అక్కచెల్లెళ్ళు పోట్లాడుకోవడం వింతేమీ కాదనుకుంటూ కస్తూరి కారెక్కింది.

*

పదకొండున్నరకు హోసూరులో ఫ్యాక్టరీ గేటు ఎదుట టీ అంగడిలో అరవింద్ ఎదురుగా కూర్చుంది. కోలారు మనిషి, అక్కడే మెయింటెనెన్స్ ఇంజనీరు. గడ్డం మాసిపోయి ఉంది. టీ తెప్పించుకున్నాడు గానీ తాగలేదు.

మంగళవారం నిమిషం నిమిషం చెప్పమంది కస్తూరి. అతను వంకర లేకుండా చెప్పాడు. నమితది ఉదయం షిఫ్టు, రెండింటికి అయిపోయింది. రెండూ ఇరవైకి కంపెనీ బస్సులోంచి ఫోన్ చేసింది. ఛార్జి రెండు శాతమే ఉంది, ఆగిపోతుంది, సాయంత్రం మాట్లాడుకుందాం అని పెట్టేసింది. గొంతు మామూలుగానే ఉంది. తర్వాత నాలుగూ పదకొండుకు ఆమె నంబరునుంచి మెసేజి వచ్చింది. అతను ఫోను తిప్పి చూపించాడు. 'మిద్దె మీద ఉన్నాను. నువ్వు రాకపోతే దూకేస్తాను.'

"నువ్వు బయలుదేరింది?"

"నాలుగూ ఇరవై మూడుకు గేటు దాటినాను. కార్డు పంచింగ్ ఉండాది, చూసుకోండి. నాలుగూ నలభైకి ఆడికి చేరినాను." అతను గ్లాసు పక్కకు జరిపాడు. "ఆ పన్నెండు నిమిషాలు ఏం చేసినానని మీరు అడగలేదు అక్కా."

"చెప్పప్పా."

"పని చేసుకొన్నాను. మోటారు రిపోర్టు సగంలో ఉండె. మళ్ళా మొదలుపెట్టినాదే అనుకొంటిని. ముందరంతా అట్లే ఉండె, ఒక రోజుకు నలభై సార్లు ఫోన్ చేసేది. ఎనిమిది నెలలుగా ఆ మాటే లేదు. అయినా నాకు పాతదే గుర్తొచ్చె. రిపోర్టు ముగించుకొని లేచినాను."

కస్తూరి ఓదార్చలేదు. గేటు దగ్గరికి పోయి సెక్యూరిటీవాళ్ళను మంచి చేసుకుని పంచింగ్ చూసింది. నాలుగూ ఇరవై మూడు. నమిత పడింది నాలుగూ ఇరవైకి, వెనక వీధిలోని ఒక ఇంటి కెమెరాలో రేకుల శబ్దం అప్పుడే నమోదైంది. ఫ్యాక్టరీనుంచి ఆ ఇంటికి ఎంత తోలినా పావుగంట. అరవింద్ తోయలేదు.

*

ఇల్లు బాగలూరు రోడ్డులో. కింద మంజులమ్మ అంగడి, పైన రెండు అంతస్తులు, ఆపైన మిద్దె. మెట్ల గోడకు కరెంటు వాళ్ళ నోటీసు అంటించి ఉంది. నెలవారీ పనుల కోసం మంగళవారం ఉదయం తొమ్మిదినుంచి సాయంత్రం ఐదు వరకు ఈ వీధికి సరఫరా ఉండదు. కస్తూరి దాన్ని చదివి పైకెక్కింది.

మిద్దె మీద ఎస్సై లింగప్ప ఉన్నాడు. చేతిలో ఫైలు. ఆమెను చూడగానే నవ్వు లాంటిదొకటి నవ్వాడు.

వాళ్ళిద్దరికీ పాత లెక్క ఉంది. మూడేళ్ళ కిందట సామల్పట్టి దగ్గర రైలు పట్టాల మీద దొరికిన శవాన్ని లింగప్ప ప్రమాదమని రాసి మూసేస్తే, కస్తూరి దాన్ని హత్యగా తేల్చింది. ఆయనకు పైనుంచి మెమో వచ్చింది. ఆ మెమోను ఆయన ఇంకా మరిచిపోలేదు.

"ఇది మూసేస్తా ఉండే కేసు మేడం. అనవసరంగా పెట్రోలు కాల్చుకోవద్దండి" అన్నాడు.

కస్తూరి పిట్టగోడ దగ్గరికి పోయింది. గోడ ఆమె నడుముకు పైదాకా ఉంది. పొడవునా పచ్చటి పాచి ఎండి ఉంది. ఒక్కచోట మాత్రం, మనిషి కూర్చునేంత వెడల్పున, పాచి తుడిచిపెట్టుకుపోయింది. ఆమె వంగి పక్కనుంచి చూసింది. గోడమీద కాలి గుర్తు లేదు, మోకాలి గుర్తు లేదు.

"ఎక్కి దూకే మనిషి కాలు పెట్టకుండా ఎట్ల ఎక్కుతుంది సార్?"

"కూర్చొని వెనక్కి ఒరిగి ఉంటాది."

"ఉండొచ్చు. కూర్చొని మాట్లాడతా ఉంటే ఎదురుగా ఉండేవాళ్ళు తోసి ఉండొచ్చు."

లింగప్ప ఫైలు తెరిచి దానిమీద వేలితో కొట్టాడు. "యాడినుంచి తెస్తారు మేడం ఇవన్నీ? సొంత చెల్లెలు రాసిచ్చిన స్టేట్‌మెంటు ఉండాది. మంగళవారం ఆరున్నరకు నా ముందరే కూర్చొని చెప్పినాది. మా అక్కకు ఈ జబ్బు ఉంది, దూకుతానని చాలాసార్లు బెదిరించింది, ఎవరి మీదా అనుమానం లేదు. ఇంగేం కావాల?"

కస్తూరి ఆ కాగితం రెండుసార్లు చదివింది. కింద నేహ సంతకం, గుండ్రంగా. బుధవారం పదింటికి ఇదే నేహ తన ఎదుట కూర్చుని, అక్క ఎప్పుడూ అలాంటి మాట అనలేదని వెక్కి వెక్కి ఏడ్చింది. ఒక్క రాత్రి గడిచేసరికి కథ మొత్తం మారిపోయింది. దుఃఖంలో మనుషులు మాట మార్చడం కస్తూరి చాలాసార్లు చూసింది. కానీ మారిన తీరు చూస్తే వేరుగా ఉంది. జబ్బు మాట వినాలనుకున్న పోలీసుకు జబ్బు చెప్పింది. హత్య వెతికే మనిషికి హత్య చెప్పింది.

ఫోను ఎక్కడ దొరికిందని అడిగింది. నీళ్ళ ట్యాంకు దిమ్మె మీద దొరికిందని, తాను ఐదూ పదికి స్వాధీనం చేసుకున్నానని లింగప్ప విసుగ్గా చెప్పాడు. ఆమె పట్టు వదలకపోయేసరికి పంచనామా చదివాడు. నల్ల రంగు ఫోను, అద్దం పగల్లేదు, ఆన్‌లో ఉంది, ఛార్జి నలభై ఒక్క శాతం.

"ఎంత?"

"నలభై ఒకటి. దాంట్లో ఏముంది?"

కస్తూరి నోటు పుస్తకం తెరిచి అరవింద్ చెప్పిన వరుస చూపించింది. రెండూ ఇరవైకి రెండు శాతం. ఈ ఇంట్లో పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం ఐదు దాకా కరెంటు లేదు. దిమ్మె మీద ఒంటరిగా పడి ఉన్న ఫోనుకు నలభై ఒక్క శాతం ఎక్కడినుంచి వచ్చింది?

లింగప్ప మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు. ఫైలు మూసి ఆమె వెనకే మెట్లు దిగాడు.

*

మంజులమ్మకు అరవై దాటాయి. అంగడీ ఆమెదే, ఇల్లూ ఆమెదే. పోలీసులు మంగళవారం ఆమెను ఒకే ప్రశ్న అడిగారు, నమిత దూకడం చూసినావా అని. చూడలేదని చెప్పింది. అంతటితో ఆమెను వదిలేశారు.

కస్తూరి కౌంటరు పక్కన గోడకున్న ప్లగ్గును చూసింది. కింద ఇన్వర్టరు చిన్నగా గుయ్యిమంటోంది. మంగళవారం ఎవరైనా ఇక్కడ ఫోను ఛార్జి పెట్టుకున్నారా అని అడిగింది.

"నమిత పెట్టినాది కదమ్మా. మూడున్నరకు వచ్చినాది. నాకాడ మజ్జిగ తాగి, ఇరవై నిమిషాలు కూర్చొని, బట్టలు తీసుకొస్తానని పైకి పోయె. ఫోను ఈడ్నే పెట్టిపోయె."

లింగప్ప కౌంటరు మీద చేయి ఆనించాడు. నమిత మళ్ళీ వచ్చి ఫోను తీసుకుందా అని ఆయనే అడిగాడు.

"లేదు సార్. వాళ్ళ చెల్లెలు తీసుకొనిపోయె. నాలుగు దాటి ఐదు నిమిషాలుంటాది. అక్క పైన ఉండాదా అత్తా అని అడిగి, ఫోను నేను ఇస్తాలే అని పీక్కొని మెట్లెక్కి పోయె."

నాలుగూ ఐదు. మెసేజి నాలుగూ పదకొండు. పడింది నాలుగూ ఇరవై. నేహ చెప్పిన ఆఫీసు ఇక్కడికి ఆరు కిలోమీటర్లు. కస్తూరి ఆ టైములు వరుసగా నోటు పుస్తకంలో రాసుకుంది. పదిహేనేళ్ళ అనుభవంలో ఆమె భర్తలను అనుమానించింది, కొడుకులను అనుమానించింది, చనిపోయానని రాయించుకున్నవాళ్ళను వెతికి పట్టుకుంది. ఈసారి తన దగ్గరికి ఏడుస్తూ వచ్చిన మనిషి ఎక్కడుందో మాత్రం ఒక్క ఫోన్ చేసి కనుక్కోలేదు. ఆ తప్పు పూర్తిగా తనదే.

"చెల్లెలు కిందికి ఎప్పుడు దిగినాది మంజులమ్మా?"

"అది చూడలేదమ్మా. వెనక ధడేల్‌మని శబ్దమయ్యె. ఎవరో గిరాకి ఉంటే వాళ్ళను పంపి నేను సందులోంచి పోయేటప్పటికి, ఆ బిడ్డ ముందే ఆడ నిలబడి ఉండాది. ఏడుస్తా ఫోనులో వీడియో తీస్తా ఉండాది. నేను ఆంబులెన్సుకు ఫోన్ చేయించినాను."

"ఇది మాకు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు లింగప్ప.

"మీరు అడగలేదు కద సార్. అక్కకు ఫోనిచ్చింది, దిగింది అనుకొంటిని. చెల్లెలి గురించి అట్ల ఎవరనుకొంటారు?"

నమిత ఆ ఇరవై నిమిషాలూ ఏం మాట్లాడిందని కస్తూరి అడిగింది. మంజులమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. చెప్పాలా వద్దా అన్నట్టు ఇద్దరినీ చూసింది.

"ఈ పొద్దు నేహతో తేల్చుకోవాల అత్తా అనె. నా గురించి పెట్టిన వీడియోలన్నీ తీసేయమని చెప్తాను, లేకుంటే కేసు పెడ్తాననె. నేను బాగైపోతా ఉండాను, దాన్నే అది ఓర్చుకోలేక పోతా ఉండాది, నేను బాగైతే దాని మాట వినేవాళ్ళు ఉండరు కదా అనె. కోపంగా కూడా చెప్పలేదమ్మా. బాధపడతా చెప్పె. నేను అక్కచెల్లెళ్ళ మాట, మనకెందుకులే అని ఊరకుంటిని."

లింగప్ప జేబులోంచి పెన్ను తీశాడు. సాక్షి వాంగ్మూలం ముందు రాసుకోవాలన్నాడు. కస్తూరి ఆయన చేతిమీద చేయి వేసి ఆపింది.

"రాసేది తర్వాత సార్. ఆసుపత్రిలో నమిత మంచం దగ్గర మూడు రోజులుగా ఎవరు కూర్చొని ఉండారో తెలుసా? రోగికి ఒక్క మనిషినే వదుల్తారు. ఆ పాసు నేహ దగ్గరే ఉండాది."

లింగప్ప ఒక్క క్షణం ఆమెను చూశాడు. పాత మెమో, సామల్పట్టి, ఏవీ ఆయన ముఖంలో కనిపించలేదు. ఫోను తీసి కృష్ణగిరి ఆసుపత్రిలోని పోలీసు అవుట్‌పోస్టు నంబరు వెతకసాగాడు. గోడ గడియారంలో రెండూ ముప్పై ఎనిమిది. హోసూరునుంచి కృష్ణగిరికి యాభై కిలోమీటర్లు, జీపు ఎంత తోలినా ముప్పావుగంట.

అప్పుడే కస్తూరి చేతిలో ఫోను మోగింది. తెరమీద నేహ పేరు.

ఆమె లింగప్పకు చూపించి, వేలు పెదవుల మీద పెట్టుకుని, ఫోను ఎత్తింది.

"అక్కా, నమితక్క కళ్ళు తెరిచినాది." నేహ గొంతు చాలా మెల్లగా, దాదాపు ముద్దుగా ఉంది. "పది నిమిషాలయ్యె. నన్నే చూస్తా ఉండాది. నర్సుకు ఇంగా చెప్పలేదు. మొదట నీకే చెప్తా ఉండాను."

"మంచిదమ్మా. నర్సును పిలువు."

"పిలుస్తాను. తెర వేసినాను, ఎవరూ రారు. అక్కకు నాతో ఏమో చెప్పాలని ఉండాది. మాట రావడంలేదు."

నర్సును పిలవమని మళ్ళీ అంటే ఈ పిల్ల ఫోను పెట్టేస్తుంది. పెట్టేశాక ఆ తెర వెనక ఇద్దరే మిగులుతారు. నలభై వేల మందికి చెప్పినా చాలక, పోలీసుకొకటి తనకొకటి చెప్పిన మనిషి ఇది. వినేవాళ్ళున్నంతసేపూ మాట్లాడుతుంది. మాట్లాడుతున్నంతసేపూ ఆ చేతులు ఖాళీగా ఉంటాయి.

కస్తూరి స్టూలు లాక్కుని కూర్చుంది. గొంతులోకి ఎక్కడలేని నిదానం తెచ్చుకుంది.

"మూడు రోజులుగా నువ్వు పడిన కష్టం నాకు తెలుసు నేహా. ఇంకెవరైనా అయితే ఎప్పుడో పడిపోయేవాళ్ళు. మొదటినుంచీ చెప్పమ్మా, నేను వింటా ఉండాను."

అవతల చిన్న నిట్టూర్పు వినిపించింది. నేహ చెప్పడం మొదలుపెట్టింది. చిన్నప్పటినుంచీ అక్క ఏడుపే అందరూ విన్నారనీ, తన ఏడుపు ఎవరూ వినలేదనీ. కస్తూరి ఊఁ కొడుతూనే ఎడమచేత్తో కాగితం మీద రాసి లింగప్ప ముందుకు తోసింది. 'నమిత కళ్ళు తెరిచినాది. తెర వెనక నేహ ఒక్కతే ఉండాది. ఇప్పుడే ఎవరినైనా పంపించండి.' ఆయన తల ఊపి వాకిట్లోకి నడిచాడు. అవుట్‌పోస్టులో ఎవరో ఎత్తారు. అవతలివాడికి వినపడలేదో ఏమో, లింగప్ప వార్డు నంబరు గట్టిగా రెండోసారి చెప్పాడు.

నేహ మాట మధ్యలో ఆగింది.

"అక్కా" అంది. ఇప్పుడు గొంతులో ఏడుపు లేదు, ముద్దు లేదు. "ఎస్సై సార్ నీ పక్కనే ఉండాడా?"

కస్తూరి నోరు తెరిచేలోపు లైను తెగిపోయింది.